‘పాస్ ఔట్’ అంటే పాసైనట్టా, పడిపోయినట్టా?

భాషా సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో కొన్ని ఒకే ఇంగ్లిషు జంటమాటను పట్టుకుని వచ్చాయి. వాటిని విడదీసి వేర్వేరు సంచికలలో వేసే కన్నా ఒకచోట పెట్టి జవాబివ్వడం మేలనిపించింది.

ప్రశ్న: అయ్యా, నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. మా మనవడు ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2022’ అని రాశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్న వాళ్ళ మేనత్త అది చూసి, ‘2022లో స్పృహ తప్పి పడిపోయానని రాసుకున్నావు, కొట్టెయ్’ అంది. ఆ వారంలోనే శివరాంపల్లి పోలీసు అకాడమీలో జరిగిన ‘పాసింగ్ ఔట్ పరేడ్’ గురించి పేపర్లో వార్త వచ్చింది. మనవడు ఆ పేపరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఐపీఎస్ అధికారికి చెల్లిన మాట ఇంజనీరుకు ఎందుకు చెల్లదు? ఇద్దరిలో ఎవరి మాట నిజం?
– ఒక పాఠకుడు, నల్లకుంట

జవాబు: మాస్టారూ, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాని ఇద్దరూ చెబుతున్నది ఒకే అర్థం గురించి కాదు. ఇంగ్లిషు నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువులు ‘పాస్ ఔట్’కు ముఖ్యంగా రెండర్థాలు చూపుతాయి. మొదటిది మీ అమ్మాయి చెప్పినది, అంటే స్పృహ తప్పడం. ఇది ఇంట్లోనూ స్నేహితుల మధ్యా వాడుకునే మాట. డాక్టరు రాసే నివేదికలోనో కోర్టు తీర్పులోనో ఈ అర్థంలో అది సాధారణంగా కనిపించదు. రెండవది మీ మనవడు పేపర్లో చూసినది, అంటే సైనిక శిక్షణో అటువంటి మరో శిక్షణో ముగించుకుని అకాడమీ నుంచి బయటికి రావడం. బ్రిటిష్ ఇంగ్లిషులో పుట్టిన ఈ అర్థంలో చనువు ఏమాత్రం లేదు, ఆహ్వాన పత్రికల మీద అచ్చువేసేటంత గౌరవం ఉంది. నిఘంటువులలో కనిపించే ‘ఇన్‌ఫార్మల్’ అనే ముద్రను మనం మాట మొత్తానికి తగిలిస్తూ ఉంటాం. నిజానికి అది ఫలానా అర్థానికి మాత్రమే వేసిన ముద్ర. అవే రెండు పదాలు ఒక అర్థంలో సోఫా మీద పడి నిద్రపోతాయి, మరో అర్థంలో కవాతు చేస్తాయి.

కవాతు మాట ఎక్కడ ఎలా నిలబడిందో కొంచెం చూడాలి. డెహ్రాడూన్‌లో 1932లో మొదలైన ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ పూర్తయిన కేడెట్లు పరేడ్ చివర చెట్‌వుడ్ భవనం మెట్లెక్కి, ‘అంతిమ్ పగ్’ (చివరి అడుగు) అని రాసి ఉన్న గీతను దాటుతారు. అక్కడ ‘పాస్ ఔట్’లోని రెండు పదాలూ కళ్ళెదుటే జరుగుతాయి, ఎందుకంటే కేడెట్ ఆ గీత దాటి నిజంగానే బయటికి వెళుతున్నాడు. మన నగరానికి వస్తే, 1948లో మౌంట్ ఆబూలో ఆరంభమై 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్ల కవాతును ‘దీక్షాంత్ పరేడ్’ అనీ, ‘పాసింగ్ ఔట్ పరేడ్’ అనీ రెండు విధాలా పిలుస్తారు. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ మాత్రం తన ఉత్సవానికి ‘కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్’ అని పేరు పెట్టుకుంది. ఒకే నగరంలో ఆ చివర ఒక అకాడమీ, ఈ చివర ఒక అకాడమీ, ఒకే రకమైన సందర్భానికి రెండు పేర్లు. పత్రికలు దుండిగల్ వార్తకు కూడా అప్పుడప్పుడు ‘పాసింగ్ ఔట్’ అనే శీర్షిక పెడతాయి, ఎవరూ తప్పుపట్టరు.

ఇక కాలేజీ సంగతి. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మామూలు కాలేజీ చదువు ముగించినవారిని ‘పాస్డ్ ఔట్’ అనరు. భారతదేశంలోనూ పొరుగు దేశాలలోనూ మాత్రం అంటారు. ఈ వాడుక ఎలా వచ్చిందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. పరీక్ష ‘పాసవ్వడం’ మన ఇళ్ళలో ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. గేటు దాటి బయటపడటానికి ‘ఔట్’ ఉంది, కవాతు మైదానం నుంచి వచ్చిన ‘పాసింగ్ ఔట్’ చెవిలో ఉండనే ఉంది. మూడూ కలిశాయి. పాసవ్వడానికి మన సమాజం ఇచ్చిన విలువను కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. పరీక్ష తప్పినా అంతవరకు చదివినందుకే గౌరవం దక్కి, పేరు పక్కన ‘బి.ఏ. ఫెయిల్’ అని చెప్పుకున్నవారి కథలు మన పెద్దల నోట విననివారుండరు. అటువంటి చోట ‘పాస్’ అనే మాటను వదులుకుని ‘గ్రాడ్యుయేట్’ అనే మాటను ఎత్తుకోవాలని ఎవరికి అనిపిస్తుంది?

కాబట్టి మీ మనవడు రాసినది తప్పు అని నేను అనను. అది భారతీయ ఇంగ్లిషు. కోట్లమంది ఒకరికొకరు చెప్పుకుని, ఎటువంటి అపార్థమూ లేకుండా అర్థం చేసుకుంటున్న ప్రయోగాన్ని లండన్‌లో లేదన్న ఒక్క కారణంతో తప్పు అనడం నాకు సమ్మతం కాదు. అయితే దరఖాస్తు వేరే సంగతి. దానిని ఎవరు చదువుతారో రాసేవాడికి తెలియదు. గచ్చిబౌలిలో ఉన్న అధికారి చదివితే ఇబ్బంది లేదు, అదే కాగితం డబ్లిన్‌కో డల్లాస్‌కో వెళ్ళితే చదివిన మనిషికి పెదవి మీద చిరునవ్వు రావచ్చు. పక్కనే కాలేజీ పేరూ సంవత్సరమూ ఉన్నాయి కాబట్టి అతను మూర్ఛపోయాడని ఎవరూ నిజంగా అనుకోరు. కాని ఉద్యోగం ఇచ్చేవాడి చూపు అభ్యర్థి చదువు మీద నిలవవలసిన క్షణంలో మాట మీదికి మళ్ళితే నష్టం అభ్యర్థికే. అందుచేత ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ ఉస్మానియా యూనివర్సిటీ ఇన్ 2022’ వంటి వాక్యం రాయమనండి. ఇంకా మంచిది, క్రియ జోలికే పోకుండా డిగ్రీ పేరు, కాలేజీ పేరు, సంవత్సరం వరుసగా రాసి ఊరుకోవడం.

‘గ్రాడ్యుయేట్’ వాడేటప్పుడు కూడా కొంచెం జాగ్రత్త కావాలి. బ్రిటన్‌లో ఈ క్రియ ప్రధానంగా విశ్వవిద్యాలయ పట్టాకే చెందుతుంది, అమెరికాలో హైస్కూలు ముగించినవారూ ‘గ్రాడ్యుయేట్’ అవుతారు. మన ఇంటర్మీడియట్‌కు ఆ మాట పెట్టకుండా ‘కంప్లీటెడ్’ అనో, పరీక్షను కర్మగా పెట్టి ఒట్టి ‘పాస్డ్’ అనో రాస్తే ఏ దేశంలోనైనా చెల్లుతుంది. ‘ఫ్రమ్’ను వదిలేసి ‘గ్రాడ్యుయేటెడ్ కాలేజ్’ అనే పద్ధతి అమెరికాలో వినిపిస్తోంది గాని, అక్కడే చాలామందికి అది చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఒక్క మాట మీ మనవడికి గట్టిగా చెప్పండి. ‘ఐ పాస్డ్ ఔట్ మై బీటెక్’ అనేది ఏ ఇంగ్లిషులోనూ నిలవదు. పరీక్షనో కోర్సునో ‘పాస్’ అవుతారు, కాలేజీ ‘నుంచి’ ‘పాస్ ఔట్’ అవుతారు. రెంటినీ కలపకూడదు. ఇంటర్వ్యూలలో తరచు వినిపించే ‘ఐ యామ్ పాస్డ్ ఔట్’ అంతకన్నా ప్రమాదం. ఆ ‘యామ్’ చేరగానే అది జరిగిపోయిన పనిని కాక ఇప్పటి స్థితిని చెబుతుంది, అంటే ‘నేను ప్రస్తుతం స్పృహ లేకుండా పడి ఉన్నాను’ అన్నట్టు. అంత స్పష్టంగా చెప్పగలిగినవాడు స్పృహలోనే ఉన్నాడని అవతలివారికి తెలుస్తుందనుకోండి!

ప్రశ్న: నేను ఎర్రగడ్డలో ఉంటాను, వృత్తిరీత్యా నర్సుని. బ్రిటన్ వెళ్ళే ఉద్దేశంతో ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లిషు పరీక్ష)కి చదువుతున్నాను. మాట్లాడే పరీక్షలో రోగి పాత్ర వేసినవారు ‘ఐ పాస్డ్ ఔట్ ఇన్ ది బాత్రూమ్’ అంటే, తరువాత లేఖ రాయవలసి వచ్చినప్పుడు ఆ మాటనే రాయవచ్చా? ‘ఫెయింట్’, ‘కొలాప్స్’, ‘బ్లాక్ ఔట్’ అన్నీ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: వినేటప్పుడు అర్థం చేసుకోవాలి, మాట్లాడేటప్పుడు వాడవచ్చు, లేఖలో మాత్రం వాడకూడదు. రోగితో మాట్లాడుతున్నప్పుడు ఆయన వాడిన మాటనే మీరూ అందుకుని, ‘పాస్ ఔట్ అవ్వడానికి ముందు మీకేమనిపించింది?’ అని ఇంగ్లిషులో అడగడం మంచి పద్ధతి, దానివల్ల రోగికి చనువు కలుగుతుంది. కాని మరో వైద్యుడికి రాసే లేఖలో ‘లాస్ట్ కాన్షస్‌నెస్’ అనో, ‘ఎ బ్రీఫ్ లాస్ ఆఫ్ కాన్షస్‌నెస్’ అనో రాయాలి. రోగి మాటను ఉన్నది ఉన్నట్టు చూపించడం అవసరమైతే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టవచ్చు.

మీరు అడిగిన మాటలన్నీ ఒకటి కావు, ఆసుపత్రిలో ఆ తేడా ప్రాణం మీదికి తేగలదు. ‘ఫెయింట్’ అంటే మెదడుకు రక్తం అందడం కొద్దిసేపు తగ్గి స్పృహ తప్పి, మళ్ళీ తనంతట తాను తేరుకోవడం. వైద్యులు దీనినే ‘సింకొపీ’ అంటారు. ‘పాస్ ఔట్’ అంతకన్నా వెడల్పైన మాట. కారణమేదైనా, తాగుడైనా, ఎండదెబ్బైనా, తలకు దెబ్బైనా, స్పృహ తప్పితే చాలు, ఆ మాట సరిపోతుంది. అంతేకాదు, రాత్రి డ్యూటీ చేసి వచ్చి మంచం మీద వాలగానే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయినవారు కూడా అతిశయోక్తిగా ‘ఐ పాస్డ్ ఔట్’ అంటారు. అది జబ్బు కాదు, అలసట. కాబట్టి రోగి ఆ మాట అన్నప్పుడు నిద్రా, మూర్ఛా అని మీరు విడిగా అడిగి తేల్చుకోవాలి. ‘కొలాప్స్’ అంటే కుప్పకూలడం. కూలినవారికి స్పృహ ఉండవచ్చు, ఉండకపోవచ్చు, ఆ మాట ఆ సంగతి చెప్పదు. ‘బ్లాక్ ఔట్’ మరీ జారుడు మాట. కొందరు దానిని క్షణకాలం స్పృహ తప్పడానికి వాడతారు. తాగినవారి విషయంలో మాత్రం అది తరచు మెలకువగానే ఉండి తిరిగి, మాట్లాడి, తరువాత ఏమీ గుర్తులేకపోవడాన్ని చెబుతుంది. ‘పాస్ ఔట్’ అయినవాడు కదలడు, ‘బ్లాక్ ఔట్’ అయినవాడు కారు కూడా నడిపి ఉండవచ్చు.

మన వైపు నుంచి వచ్చే పొరపాట్లు కూడా ఉన్నాయి. ‘కళ్ళు తిరిగాయి’ అన్నదానికి ‘పాస్డ్ ఔట్’ సమానం కాదు. అది ‘ఫెల్ట్ డిజ్జీ’ మాత్రమే. ‘కళ్ళు తిరిగి పడిపోయింది’ అన్నప్పుడు కూడా పడిన తరువాత స్పృహ ఉందో లేదో ఆ వాక్యంలో లేదు, ఇంటివాళ్ళను అడిగి తెలుసుకోవాలి. ఇదే సంగతిని నగరంలో ‘చక్కరొచ్చి పడ్డది’ అంటారు, కొత్తగా వచ్చిన కోస్తా జిల్లాల నర్సు దానిని చక్కెర జబ్బుగా రాసుకునే ప్రమాదం లేకపోలేదు. ‘మూర్ఛ’ అన్నదాన్ని మరీ జాగ్రత్తగా వినాలి. కొందరు అది స్పృహ తప్పడానికి వాడతారు, కొందరు ఫిట్స్ అనే అర్థంలో వాడతారు, ఈ రెంటికీ చేసే వైద్యం వేరు.

స్పృహ ఎంత ఉందో చెప్పడానికి ఆసుపత్రులు మాటల మీద ఆధారపడవని మీకు తెలిసే ఉంటుంది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు రూపొందించిన కొలమానంలో కళ్ళు తెరవడం, మాట్లాడటం, కదలడం అనే మూడింటికీ అంకెలు వేసి, 3 నుంచి 15 వరకు మొత్తం కడతారు. రోగి చెప్పిన ‘పాస్డ్ ఔట్’ ఆ అంకె దగ్గరికి మిమ్మల్ని తీసుకువెళ్ళే తలుపు మాత్రమే.

ప్రశ్న: అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర ఒక శిక్షణ సంస్థకు ప్రకటనలు రాస్తాను. ‘2023, 2024 పాస్డ్ ఔట్స్ మాత్రమే’ అని ఎప్పటినుంచో రాస్తున్నాం. ఈమధ్య ఒకాయన వచ్చి ఇది ఇంగ్లిషే కాదన్నాడు. ఏమని రాయమంటారు?
– ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: మీ ప్రకటన చదివేది అమీర్‌పేట మెట్లెక్కే కుర్రకారే గనుక వారికి అర్థం కాకపోయే ప్రశ్నే లేదు. అయినా మెరుగు చేయాలనుకుంటే మొదట ఆ ‘డ్’ తీసేయండి. ‘పాస్డ్ ఔట్’ క్రియారూపం, దాని చివర బహువచనపు ‘స్’ తగిలించడం చూడటానికీ బాగుండదు. నగరంలో నోటితో అందరూ అనే ‘పాసౌట్స్’ నయం, ఎందుకంటే క్రియను నామవాచకంగా మార్చే పద్ధతి ఇంగ్లిషుకు సహజమే. అలా మారినప్పుడు ఊనిక కూడా మారుతుంది. క్రియగా పలికేటప్పుడు బలం ‘ఔట్’ మీద పడుతుంది, నామవాచకంగా పలికేటప్పుడు ‘పాస్’ మీద పడుతుంది. ప్రసంగవశాత్తు మరొకటి. ‘పాస్డ్’ అని మనం ‘డ’కారంతో పలికే మాటను ఇంగ్లిషువారు ‘పాస్ట్’ అనీ, అమెరికన్లు ‘ప్యాస్ట్’ అనీ ‘ట’కారంతో పలుకుతారు. కలిపి అన్నప్పుడు ‘పాస్టౌట్’ అని వినిపిస్తుంది.

ప్రకటన దేశం దాటి వెళ్ళేదైతే ‘2024 గ్రాడ్యుయేట్స్’ అనండి. తెలుగులో వేసేదైతే ‘2024లో కోర్సు పూర్తి చేసినవారు’ అనండి. ‘బ్యాచ్’ అనే మాటకు మాత్రం దూరంగా ఉండండి. 2020లో చేరి 2024లో బయటికి వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థిని ఒక కాలేజీ 2020 బ్యాచ్ అంటుంది, ఇంకొకటి 2024 బ్యాచ్ అంటుంది. ఈ గందరగోళానికి తావివ్వకపోవడమే ‘పాసౌట్’ అనే మాటలోని సుఖం. దానిని విద్యార్థులూ కంపెనీలూ వదలకుండా పట్టుకోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ప్రశ్న: నేను తెలుగు అధ్యాపకుణ్ణి. ‘పాస్’ అంటే దాటడం, ‘ఔట్’ అంటే బయట. ఈ రెండూ కలిస్తే స్పృహ తప్పడం ఎలా అయింది? ఇంగ్లిషులో ఈ ‘ఫ్రేజల్ వర్బ్’లకు తలా తోకా లేదనిపిస్తుంది. మన భాషలో ఇంత అరాచకం లేదు కదా?
– ఒక పాఠకుడు, కోఠి

జవాబు: మీ ఫిర్యాదు పాతదే. 1755లో తన ఇంగ్లిషు నిఘంటువుకు పీఠిక రాస్తూ శామ్యూల్ జాన్సన్, క్రియల వెనుక చిన్న మాటలు చేరి అర్థం మార్చే ఈ పద్ధతే పరదేశీయులకు అన్నిటికన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుందని ఒప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వర్బ్’ అనే పేరు మాత్రం చాలా తరువాతిది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ సూచించగా, లోగన్ పియర్‌సాల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో దానిని వాడాడు.

తలా తోకా లేదన్నమాట మాత్రం పూర్తిగా నిజం కాదు. ‘ఔట్’కు ఒక్క బయటే కాదు, కొన్ని కుటుంబాలున్నాయి. ఒక కుటుంబంలో అది ఆరిపోవడాన్ని చెబుతుంది. దీపం ‘గో ఔట్’ అవుతుంది, మంటను ‘పుట్ ఔట్’ చేస్తారు, బాక్సింగులో ‘నాక్ ఔట్’ చేస్తారు, పాత స్కూటరు నడిరోడ్డు మీద ‘కాంక్ ఔట్’ అవుతుంది. స్పృహ తప్పడమనే ‘పాస్ ఔట్’ ఈ ఇంటిది, అక్కడ ఆరిపోయినది తెలివి. రెండవ కుటుంబంలో ‘ఔట్’ గేటు దాటి వెళ్ళడం. ‘వాక్ ఔట్’, ‘మూవ్ ఔట్’, అకాడమీ కేడెట్ల ‘పాస్ ఔట్’ ఈ ఇంటివి. మూడవది పంచిపెట్టడం. ‘హ్యాండ్ ఔట్’, ‘గివ్ ఔట్’, వీటితో పాటు అమెరికన్లు కాగితాలు పంచడానికి వాడే ‘పాస్ ఔట్’ కూడా ఇక్కడిదే. మాట ఏ ఇంటిదో పోల్చుకుంటే అర్థం చాలావరకు దొరుకుతుంది. ఎప్పుడూ దొరుకుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

మన వైపు చూడండి. మీరు విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పి ఉండే శ్లోకమే ఇది: ‘ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే, ప్రహారాహార సంహార విహార పరిహారవత్’. ధాతువు అర్థాన్ని ఉపసర్గ బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని కదా దాని భావం. ఒకే ‘హృ’ ధాతువు ముందు ‘ఆ’ చేరితే తిండి, ‘వి’ చేరితే షికారు, ‘సం’ చేరితే చావు. ఇంగ్లిషులో ఆ చిన్న మాట క్రియకు వెనుక చేరింది, సంస్కృతంలో ముందు చేరింది, అంతే తేడా.

అచ్చ తెలుగు క్రియలు ఇంకా గడుసువి. ‘తప్పు’ అనే క్రియను తీసుకోండి. దారి తప్పాడు అంటే తోవ తెలియక తిరుగుతున్నాడు. ప్రమాదం తప్పింది అంటే బతికిపోయాడు. పరీక్ష తప్పాడు అంటే ఫెయిలయ్యాడు. స్పృహ తప్పాడు అంటే, మన వరుసలో చెప్పాలంటే, ‘పాస్ ఔట్’ అయ్యాడు. ఇక ‘నెల తప్పింది’ అన్న మాట విని, అది ఇంట్లో మిఠాయి పంచవలసిన వార్త అని కొత్తగా తెలుగు నేర్చుకుంటున్న విదేశీయుడికి ఏ వ్యాకరణం చెబుతుంది? ‘కొట్టు’ కూడా అంతే. ‘కొట్టేశాడు’ అంటే దొంగిలించాడనీ కావచ్చు, రాసినదాని మీద గీత పెట్టాడనీ కావచ్చు. ‘కొట్టుకుపోయింది’ అంటే వరదలో పోయింది. ‘కొట్టుకున్నారు’ అంటే కలబడ్డారు. నల్లకుంట మాస్టారి ఉత్తరంలో మేనత్త ‘కొట్టెయ్’ అన్నప్పుడు మేనల్లుడు ఎవరి జేబూ వెతకలేదు, కలం తీశాడు. మనకు ఇందులో అరాచకం కనిపించకపోవడానికి కారణం మనం దీనిలోనే పుట్టి పెరగడం.

ప్రశ్న: ‘పాస్ ఔట్ ది పేపర్స్’, ‘పాస్ ది పేపర్స్ ఔట్’, ఈ రెంటిలో ఏది సరైనది? స్పృహ తప్పే అర్థంలో కూడా ఇలా మధ్యలో పదం పెట్టవచ్చా?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: కాగితాలు పంచడం అనే అర్థంలో రెండూ సరైనవే. అమెరికాలో తరగతి గదిలో టీచర్ ఏ విధంగానైనా అంటారు, బ్రిటన్‌లో ‘హ్యాండ్ ఔట్’, ‘గివ్ ఔట్’ ఎక్కువగా వినిపిస్తాయి. కాని ‘పేపర్స్’కు బదులు సర్వనామం వస్తే అది తప్పనిసరిగా మధ్యలోకి రావాలి. ‘పాస్ దెమ్ ఔట్’ అనాలి, ‘పాస్ ఔట్ దెమ్’ అనకూడదు.

స్పృహ తప్పడం, శిక్షణ ముగించి రావడం అనే అర్థాలలో క్రియ అకర్మకం. కర్మే లేనప్పుడు మధ్యలో పెట్టడానికేమీ ఉండదు. ‘ఎండ ఆమెకు స్పృహ తప్పించింది’ అని చెప్పాలనుకుంటే ‘ది హీట్ పాస్డ్ హర్ ఔట్’ అనడానికి లేదు, ‘ది హీట్ మేడ్ హర్ పాస్ ఔట్’ అనాలి. ‘దాదాపు’ అనే అర్థమిచ్చే ‘నియర్లీ’ వంటి మాటను క్రియకు ముందే ఉంచండి: ‘షి నియర్లీ పాస్డ్ ఔట్’. అకాడమీ పేరు చెప్పేటప్పుడు ‘ఔట్ ఆఫ్’ అన్నా ‘ఔట్ ఫ్రమ్’ అన్నా మన దేశంలో చెల్లుతున్నాయి, బ్రిటిష్ రచనల్లో ‘ఔట్ ఆఫ్’ అలవాటు.

ప్రశ్న: మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన, పక్కింటి తాతగారు కాలం చేశారని చెప్పబోయి ‘హి పాస్డ్ ఔట్ దిస్ మార్నింగ్’ అని పెట్టారు. ‘గెట్ వెల్ సూన్’ అంటూ కొందరు జవాబులు పెట్టారు. సరిదిద్దడం ఎలాగో తెలియక ఊరుకున్నాను. మరణవార్తకు ఏ మాట వాడాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాదు

జవాబు: ‘పాస్డ్ అవే’ అనాలి. ‘పాస్డ్ ఆన్’ అనీ, అమెరికాలో ఒట్టి ‘పాస్డ్’ అనీ కూడా అంటారు. తెలుగులో ‘కాలం చేశారు’, ‘పోయారు’ అన్నట్టుగానే ఇవి చావు అనే మాటను నోటికి రానివ్వకుండా మర్యాద పాటించే మాటలు. మన దేశంలో ఎక్కువగా వాడే ‘ఎక్స్‌పైర్డ్’ను ఇక్కడి శ్రోతలకు చెప్పినా, విదేశాల్లో ఉన్న బంధువులకు రాసేటప్పుడు మానడం మంచిది. వారి చెవికి ఆ మాట పాస్‌పోర్టు గడువునో మందుసీసా మీది తేదీనో గుర్తుచేస్తుంది. ‘డైడ్’ అని సూటిగా రాసినా అమర్యాద కాదు, పత్రికలు అలాగే రాస్తాయి.

గ్రూపులో అందరి ముందూ తప్పు చూపితే, దుఃఖంలో ఉన్న కుటుంబం కూడా అది చదవవలసి వస్తుంది. రాసినాయనకు విడిగా ఫోన్ చేసి చెప్పండి, ఆయనే సందేశం మార్చి పెడతారు. ‘గెట్ వెల్ సూన్’ పెట్టినవాళ్ళు కూడా వాటిని తీసేస్తారు.